పొద్దున్నే ఎక్కండి, పన్నెండింటికి దిగండి



దసరా సెలవులొస్తున్నాయి. వానలు తగ్గుముఖం పట్టాయి. మన్యం అంతా పచ్చగా ఉంది. గెడ్డలు నిండుగా పారుతున్నాయి. ఇంకొన్ని వారాలు పోతే అరకు చుట్టుపక్కల వలిసె పూలు విచ్చుకుంటాయి. విశాఖపట్నం, విజయనగరం నుంచే కాదు, హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి కూడా జనం కొండలకి బయల్దేరే రోజులివి. కొందరు వంజంగి మేఘాల కొండ ఎక్కుదామనుకుంటారు. కొందరు లంబసింగి అంటారు. కొందరు అనంతగిరి కాఫీ తోటల మధ్య నడుద్దామంటారు.

వెళ్ళండి. తప్పకుండా వెళ్ళండి. తూర్పు కనుమలు ఏడాది మొత్తంలో ఇంత అందంగా ఉండే రోజులు మళ్ళీ దొరకవు. వెళ్ళేముందు మాత్రం ఒక్క మాట వినండి. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఆ ఒక్క మాటే. కొండ పొద్దున్నే ఎక్కండి. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి, ఎక్కడున్నా సరే, దిగడం మొదలుపెట్టండి. కొండ కొన ఇంకో పావుగంట నడకలోనే ఉందంటారా? అయినా సరే, వెనక్కి తిరగండి.

ఎందుకో చెప్తాను.

తెల్లవారుజామున కొండ మీద ఏం జరుగుతుందో ముందు చూద్దాం. వంజంగి వెళ్ళేవాళ్ళు చాలామంది పాడేరులో రాత్రి బస చేస్తారు. చీకటితోనే లేస్తారు. టార్చి వెలుతురులో, తడిసిన ఎర్రమట్టి మీద కాలు జారకుండా చూసుకుంటూ పైకి చేరతారు. తూర్పు తెల్లబడుతుంది. కిందికి చూస్తే లోయ కనబడదు. లోయ నిండా తెల్లటి మబ్బు పరుచుకుని ఉంటుంది. ఎత్తైన కొండల కొనలు మాత్రమే పైకి తేలి కనిపిస్తాయి. గాలి ఉండదు. చప్పుడుండదు.

ఆ మబ్బు ఎక్కడినుంచి వచ్చింది? రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే, నేల పగలంతా దాచుకున్న వేడిని పైకి వదిలేస్తుంది. నేల చల్లబడుతుంది. నేలని ఆనుకుని ఉన్న గాలి కూడా చల్లబడుతుంది. చల్లటి గాలికి బరువెక్కువ. బరువున్నది పల్లానికే కదా జారేది. రాత్రంతా కొండవాలు వెంబడి అలా జారి జారి, లోయలో పేరుకుంటుంది. నేలలో వానాకాలం తేమ ఇంకా ఆరలేదు. ఆ తేమ చల్లబడి పొగమంచవుతుంది. మనం పైన నిలబడి చూసి మురిసిపోయేది దాన్నే. లంబసింగిలో, చింతపల్లిలో చలి అంతగా ఎందుకుంటుందని చాలామంది అడుగుతుంటారు. ఎత్తు ఒక కారణం. రాత్రివేళ పల్లంలో పేరుకునే ఈ చల్లటి గాలి ఇంకో కారణం.

ఇప్పుడొక చిన్న సంగతి గమనించమంటాను. తెల్లారగట్ల కొండవాలులో ఏదైనా గూడెం కనబడితే, అక్కడి పొయ్యి పొగ ఎటు పోతోందో చూడండి. గాలి లేని రోజున ఆ పొగ కొంచెం పైకి లేచి, వాలు వెంబడి కిందికే జారుతుంది. మళ్ళీ తొమ్మిది, పదింటికి అదే పొగని చూడండి. ఇప్పుడది కొండ వైపుకి వాలి, పైకి పాకుతుంటుంది. గాలి దిక్కు మారిందన్నమాట. లోయలో కదలకుండా పడున్న మబ్బు కూడా అదే వేళకి తెగి ముక్కలవుతుంది. ఒక్కొక్క ముక్క వాలు పట్టుకుని పైకి వస్తుంది. ఫొటోలు తీసుకునేవాళ్ళు అప్పుడింకా సంబరపడుతుంటారు. కొండ తెలిసినవాళ్ళు మాత్రం అది చూసి చేతి గడియారం వంక చూసుకుంటారు.

ఎందుకంటే ఆ క్షణం నుంచి పని మొదలైంది. ఎండ కొండవాలుని తాకింది. వాలు వేడెక్కింది. వేడెక్కిన గాలి తేలికవుతుంది, పైకి లేస్తుంది, తనతో తేమని కూడా మోసుకుపోతుంది. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడు ఎలా ఉంటుందో ఇంట్లో అందరికీ తెలుసు. చాలాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత సన్నగా ఆవిరి వస్తుంది. ఆ తర్వాత చూస్తుండగానే మూత ఎగిరెగిరి పడుతుంది. కొండల్లో మధ్యాహ్నం ఉరుముల వాన తయారయ్యేదీ అలాగే. తొమ్మిదింటికి ఏమీ ఉండదు. పదకొండింటికి అక్కడక్కడా తెల్లటి మబ్బులు. రెండు, మూడింటికి పిడుగులు.

ఆషాఢ, శ్రావణాల్లో ఇలా ఎందుకు జరగదని అడగొచ్చు. అప్పుడు కూడా వాన పడుతుంది. ఇంకా ఎక్కువే పడుతుంది. అయితే అప్పుడు ఆకాశమంతా మూసుకుని ఉంటుంది. ఎండ నేల దాకా రాదు. ముసురు పట్టి ఒకే తీరున కురుస్తుంది. సెప్టెంబరు, అక్టోబరు వచ్చేసరికి నైరుతి రుతుపవనాలు బలహీనపడతాయి. అక్టోబరు నడిమికల్లా మన ప్రాంతం నుంచి వెనక్కి మళ్ళుతాయి. ఆ నెల మూడో వారం దాటాక ఈశాన్య రుతుపవనాల వంతు వస్తుంది. ఈ రెండింటి నడుమ ఆకాశం తేటపడుతుంది, ఎండ చురుక్కుమంటుంది. కింద నేల మాత్రం ఇంకా తడిగానే ఉంది. పైన ఎండ, కింద తడి. ఉరుముల వానకి కావలసినవి ఇవే.

కాబట్టి శ్రోతలు ఈ మాట బాగా గుర్తుంచుకోవాలి. ఈ రోజుల్లో పొద్దున ఆకాశం నిర్మలంగా ఉందంటే, సాయంత్రం దాకా అలాగే ఉంటుందని అర్థం కాదు. ఎండ బాగా కాసిన రోజునే మధ్యాహ్నం మబ్బు బాగా లేస్తుంది. కొండల్లో జనం మోసపోయేది ఇక్కడే. మబ్బు పట్టిన పొద్దున అందరూ జాగ్రత్తగానే ఉంటారు. గొడుగు తెచ్చుకుంటారు, త్వరగా దిగుతారు. తెల్లటి ఎండ కాసిన పొద్దున మాత్రం తాపీగా టిఫిన్లు ముగించుకుని, పదింటికి కొండెక్కడం మొదలుపెడతారు. పైకి చేరేసరికి ఒంటిగంట. కూర్చుని పులిహోర పొట్లాలు విప్పేసరికి పడమటి వైపు నల్లబడుతుంది.

అందుకే మళ్ళీ చెప్తున్నాను. పొద్దున్నే ఎక్కండి. పన్నెండింటికి దిగడం మొదలుపెట్టండి.

మబ్బుని చూసి ప్రమాదం పోల్చుకోవడం పెద్ద విద్యేమీ కాదు. వెడల్పు ఎక్కువా, ఎత్తు ఎక్కువా అని చూడండి. వెడల్పు ఎక్కువగా ఉండి, అడుగు చదునుగా ఉండి, నెమ్మదిగా సాగిపోయే మబ్బుతో భయం లేదు. వెడల్పు కంటే ఎత్తు ఎక్కువైతే మాత్రం అది పెరుగుతున్న మబ్బు. ఐదు నిమిషాలు దాన్నే చూడండి. తల ఇంకా పైకి లేస్తోందనుకోండి, అప్పటికి పదకొండే అయినా సరే, దిగిపోండి. పన్నెండు దాకా ఆగక్కర్లేదు.

మెరుపు కనబడితే లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు అని నింపాదిగా, సెకనుకొక అంకె. శబ్దం ఒక కిలోమీటరు రావడానికి సుమారు 3 సెకన్లు పడుతుంది. ముప్పై లెక్కపెట్టేలోపే ఉరుము వినబడిందంటే, ఆ పిడుగు మీకు 10 కిలోమీటర్ల లోపే పడింది. తర్వాతది మీ కొండ మీదే పడొచ్చు. అప్పుడు కొండ కొన మీద, గట్టు మీద, బోడి బండ మీద నిలబడకూడదు. ఒంటరి చెట్టు కిందికి పోకూడదు. మన్యంలో జీలుగు చెట్లు పొడుగ్గా, విడిగా నిలబడి ఉంటాయి. వాన పడగానే మనవాళ్ళు వాటి కిందికే పరిగెత్తుతారు. అది చాలా ప్రమాదం. పల్లానికి దిగండి. ఒకే ఎత్తున్న పొదలూ చిన్న చెట్లూ గుంపుగా ఉన్న చోటు కొంత నయం. తలుపులు మూసిన కారో, బస్సో దగ్గర్లో ఉంటే ఇంకా నయం. అందరూ ఒకే చోట ఒకరినొకరు పట్టుకుని నిలబడకండి, ఎడంగా ఉండండి. పడుకోకండి. పాదాలు రెండూ దగ్గరగా పెట్టి గొంతుక్కూర్చోండి. చివరి ఉరుము వినబడ్డాక అరగంట దాటేవరకు మళ్ళీ ఎత్తుకి ఎక్కకండి.

ఇక చలి సంగతి. మన ఎండల్లో పుట్టి పెరిగినవాళ్ళకి చలి అంటే డిసెంబరే గుర్తొస్తుంది. అక్టోబరులో చలేమిటి అంటారు. ఒక చిన్న లెక్క చెప్తాను. ఎత్తు 1000 మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సగటున 6 డిగ్రీలకి పైగా తగ్గుతుంది. విశాఖ బీచిలో 30 డిగ్రీలుంటే, 900 మీటర్ల ఎత్తున్న అరకులో 24 ఉంటుందనుకోవచ్చు. దాని చుట్టూ ఉన్న కొండలు 1500 మీటర్లు దాటినవి కూడా ఉన్నాయి. అక్కడ 20. ఇది పట్టపగలు, ఎండలో, ఒళ్ళు పొడిగా ఉన్నప్పటి లెక్క.

ఇప్పుడు వాన కలపండి. ఉరుముల వాన వచ్చిందంటే చల్లటి గాలిని పైనుంచి కిందికి తోసుకుని వస్తుంది. పది నిమిషాల్లో ఐదారు డిగ్రీలు పడిపోవచ్చు. మీ ఒంటి మీదున్నది నూలు చొక్కా, జీన్సు ప్యాంటు. రెండూ తడిసి ఒంటికి అంటుకుపోయాయి. గాలి వీస్తోంది. అలాంటప్పుడు 15 డిగ్రీలు కూడా మనిషిని గజగజ వణికిస్తాయి. ఆ తడి బట్టలతోనే మోటారు సైకిలెక్కి ఘాట్ రోడ్డులో దిగే కుర్రాళ్ళని చూస్తే నాకు గుండె ఝల్లుమంటుంది. వేళ్ళు కొంకర్లు పోతాయి. బ్రేకు మీద పట్టు దొరకదు. రోడ్డు తడి, మలుపులు, మీదనుంచి పొగమంచు. తల్లిదండ్రులు వింటుంటే వాళ్ళకి చెప్తున్నాను. పిల్లల సంచిలో ఒక బనియను, ఒక చొక్కా ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టండి. ఒక రెయిన్ కోటు పెట్టండి. గొడుగు కొండ గాలికి నిలవదు, ఉరుములప్పుడు గట్టు మీద దాన్ని పైకెత్తి పట్టుకోవడం మంచిదీ కాదు.

తోడున్నవాళ్ళలో ఎవరైనా బాగా వణికి, ఉన్నట్టుండి మాట్లాడ్డం మానేసినా, మాట తడబడినా, నడకలో తూలినా, అలసట అనుకుని వదిలేయకండి. ఒంట్లో వేడి పడిపోతోందని అర్థం. తడి బట్టలు విప్పించండి, పొడివి తొడగండి, దుప్పటి చుట్టండి. మెలకువగా ఉండి మింగగలిగితే వేడి టీ తాగించండి. ఆ చలికి సారా, బ్రాందీ మందు కాదు. అవి ఒంట్లో వేడిని ఇంకా త్వరగా పోగొడతాయి.

గెడ్డల గురించి ఒక మాట. పొద్దున మోకాలి లోతు నీళ్ళలో దాటి వెళ్ళిన గెడ్డ, మధ్యాహ్నం అలాగే ఉండదు. మీ నెత్తి మీద చినుకు కూడా పడకపోవచ్చు. పైన, ఇంకో కొండ అవతల గంటసేపు కుండపోత కురిసి ఉంటుంది. తేటగా పారుతున్న నీళ్ళు ఉన్నట్టుండి ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, చప్పుడు పెరిగినా, వెంటనే గట్టెక్కండి. జలపాతాల కింద ఆడుకునేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. పొంగిన గెడ్డని దాటొద్దు. ఇవతలే కూర్చోండి. చిన్న గెడ్డలు ఎంత వేగంగా పొంగుతాయో అంత వేగంగానూ తీస్తాయి. పన్నెండింటికి దిగడం మొదలుపెట్టినవాళ్ళకి అలా కూర్చునే తీరిక ఉంటుంది. నాలుగింటికి దిగేవాళ్ళకి ఉండదు. చీకటి పడుతుందన్న కంగారులో నీళ్ళలో కాలు పెడతారు. చీకటి కూడా త్వరగానే పడుతుంది మరి. అక్టోబరు నడిమికి విశాఖలో సాయంత్రం ఐదున్నరకే సూర్యాస్తమయం. కొండల మధ్య లోయలో అంతకన్నా ముందే ఎండ మాయమవుతుంది.

ఇంతవరకూ చెప్పింది మామూలు రోజుల మాట. ఈ నెలల్లో మామూలు కాని రోజులు కూడా ఉంటాయి. అలాంటి రోజుల్లో పొద్దున ఎక్కినా, మధ్యాహ్నం ఎక్కినా ఒకటే. అప్పుడు అసలు కొండకి పోకూడదు.

2014 అక్టోబరు 12, ఆదివారం. ఉత్తరాంధ్రవాళ్ళు ఆ రోజుని మర్చిపోలేరు. హుద్ హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గంటకి సుమారు 180 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. నగరంలో చెట్లు కూలిపోయాయి, విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది, మన్యంలో కాఫీ తోటలకి నీడనిచ్చే చెట్లు నేలకొరిగాయి. ఇదంతా మనకి తెలిసిందే. ఆ తర్వాత ఆ తుపాను ఏమైందో మనలో చాలామందికి తెలియదు. అది బలహీనపడి, వాయుగుండంగా, తర్వాత అల్పపీడనంగా మారి, ఉత్తరానికి కదిలింది. ఛత్తీస్‌గఢ్ దాటింది. ఉత్తరప్రదేశ్ చేరింది. గాలి జోరు తగ్గింది కానీ, బంగాళాఖాతంలో నింపుకున్న తేమ దాని దగ్గరే ఉంది. అక్టోబరు 14న ఆ తేమ వెళ్ళి హిమాలయాలకి తగిలింది.

నేపాల్‌లో అన్నపూర్ణ శిఖరాల చుట్టూ తిరిగే నడకదారి ఒకటుంది. దాని మీద అన్నిటికంటే ఎత్తైన చోటు థోరాంగ్ లా అనే కనుమ. ఎత్తు 5416 మీటర్లు. వానలు వెనకబట్టి, ఆకాశం తేటగా ఉంటుందని, ప్రపంచం నలుమూలల నుంచీ నడకకి వచ్చేవాళ్ళు అక్టోబరు నెలనే ఎంచుకుంటారు. అక్కడ కూడా చీకటితోనే బయల్దేరి, గాలి పెరిగేలోపు కనుమ దాటడం ఆనవాయితీ. ఆ రోజు కూడా అలాగే బయల్దేరారు. విశాఖలో వాన కురిపించిన ఆ తేమే అక్కడ మంచయి కురిసింది. దారి కనబడలేదు. మీటరుకి పైగా మంచు పేరుకుంది. ఆ చుట్టుపక్కల మంచు తుపానుకీ, విరిగిపడిన మంచు చరియలకీ 40 మందికి పైగా చనిపోయారు. నడిచేవాళ్ళు, వాళ్ళకి దారి చూపేవాళ్ళు, బరువులు మోసేవాళ్ళు, అటుగా పోతున్న పశువుల కాపరులు. వందలమందిని హెలికాప్టర్లు, సైన్యం వెళ్ళి కాపాడాల్సివచ్చింది.

విశాఖ నుంచి ఆ కనుమకి ఆకాశమార్గాన 1200 కిలోమీటర్ల పైమాటే. నడుమ రెండు రోజుల వ్యవధి ఉంది. తుపాను తీరం దాటిన సంగతి ప్రపంచమంతా టీవీల్లో చూసింది. అది తమ దాకా వస్తుందన్న హెచ్చరిక మాత్రం కనుమ ఎక్కేవాళ్ళలో చాలామందికి చేరలేదు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఇవాళ మన తెలుగు పిల్లలు కూడా ఎంతోమంది అక్టోబరులో నేపాల్‌కి, ఉత్తరాఖండ్‌కి, సిక్కింకి నడకలకి వెళ్తున్నారు. వాళ్ళకి నా విన్నపం ఒకటే. మీరు హిమాలయాల్లో ఉన్నా సరే, బంగాళాఖాతం మీద ఒక కన్నేసి ఉంచండి. మీరు చూడలేకపోతే ఇంట్లోవాళ్ళకి ఆ పని అప్పగించండి.

తూర్పు కనుమల్లో అయితే చెప్పనే అక్కర్లేదు. 2018లో తిత్లీ తుపాను అక్టోబరు 11న వచ్చింది. 2021లో గులాబ్ సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటింది. ఇవన్నీ దసరా చుట్టుపక్కల రోజులే. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వార్తల్లో వినబడితే, కొండ ప్రయాణం వాయిదా వేసుకోండి. తుపానయ్యేదాకా ఆగి చూద్దామనుకోకండి. గదికి కట్టిన అడ్వాన్సు పోతే పోనీయండి. వాన వెలిశాక కూడా ఒకటి రెండు రోజులు ఘాట్ రోడ్లలో కొండచరియలు విరిగిపడుతూనే ఉంటాయి.

శేషాచలం వైపు వెళ్ళేవాళ్ళకి లెక్క కొంచెం వేరు. ఉత్తరాంధ్రలో వానలు వెనకబడుతున్న వేళకి, తిరుపతి వైపు అసలైన వానలు మొదలవుతాయి. అక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. 2021 నవంబరులో కురిసిన వానలకి శ్రీవారి మెట్టు దారి బాగా దెబ్బతింది, నెలల తరబడి మూసేయాల్సివచ్చింది. కాలినడకన తిరుమల ఎక్కే భక్తులు ముందురోజే దారి తెరిచి ఉందో లేదో కనుక్కుని బయల్దేరడం మంచిది.

వాతావరణ సూచన ఎలా వినాలో కూడా చెప్పాలి. రేడియోలో విశాఖ ఉష్ణోగ్రత చెప్తే, అది విశాఖదే. కొండకి వెళ్ళేవాళ్ళు అందులోంచి వెయ్యి మీటర్లకి 6 డిగ్రీలు తీసేసుకోవాలి. ఉత్తర కోస్తాలో అక్కడక్కడా ఉరుములతో కూడిన జల్లులు అంటే, ఆ అక్కడక్కడాలో కొండలు ముందుంటాయని అనుకోండి. భారత వాతావరణ శాఖ జిల్లాలవారీగా పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో హెచ్చరికలిస్తుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా పేరు నారింజలోనో, ఎరుపులోనో కనబడితే ఆ రోజు వెళ్ళొద్దు. పిడుగుల కోసం దామిని అనే యాప్ ఉంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధనా సంస్థ తయారుచేసింది. ఫోనులో పెట్టుకోండి. అయితే కొండ మీద చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. చూడాల్సిందంతా కిందే చూసుకుని ఎక్కాలి.

పైకి వెళ్ళేముందు గూడెంలో ఒక పెద్దాయననో, టీ కొట్టు ఆవిడనో అడగండి. అయ్యా, ఈ వారం వాన ఎన్నింటికి పడుతోంది, గెడ్డ ఎలా ఉంది అని అడగండి. వాళ్ళు రోజూ చూసేవాళ్ళు. వద్దంటే మానేయండి.

చివరగా ఒక కోరిక. ఈ ఆదివారం కొండకి బయల్దేరుతున్నారా? అయితే ఇంట్లో ఒకరికి మీరు వెళ్ళే కొండ పేరు, తోడెవరున్నారో, ఎన్నింటికి కిందికి వస్తారో చెప్పి వెళ్ళండి. దిగగానే సిగ్నల్ అందిన చోట ఆగి, దిగామని ఫోన్ చేయండి. ఇంట్లో ఉన్నవాళ్ళు, చెప్పిన వేళ దాటి రెండు గంటలైనా ఫోన్ రాకపోతే మొహమాటపడకుండా 112కి ఫోన్ చేసి సమాచారం ఇవ్వండి.